మరిది పోయిన రోజు పలికిన డబ్బా

మా మరిది టీ అంగడి బత్తలపల్లెకు పోయే రోడ్డు మీద, ఆటోలు ఆగే చోట ఉండేది. అంగడి అంటే నాలుగు రేకులు, ఒక స్టవ్వు, కొన్ని గాజు గ్లాసులు, మాట్లాడే డబ్బా ఒకటి. ఎవరైనా ఫోనుతో డబ్బులు కొడితే ఆ డబ్బా "పది రూపాయలు వచ్చాయి" అని ఆడగొంతుతో గట్టిగా చెప్పేది. రాత్రిళ్ళు దాన్ని సంచిలో వేసుకొచ్చి ఇంట్లో ఛార్జింగు పెట్టేవాడు. వాళ్ళకూ మాకూ మధ్య ఒకే గోడ.

ఎండలు ముదిరిన రోజుల్లో, ఒకనాడు తెల్లవారుజామున, బండికి పాలక్యాను కట్టుకుంటూ వాకిట్లోనే కూలబడ్డాడు. నీళ్ళు తెచ్చేలోపే అయిపోయింది. అయినా మనసొప్పక ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాం. గుండె ఆగిపోయిందని చెప్పి వెనక్కి పంపించారు. నలభై కూడా నిండలేదు.

ఏడ్చేవాళ్ళు ఏడుస్తూ ఉండగానే పనులు వచ్చి ఎదురుగా నిలబడ్డాయి. మా వాళ్ళలో పూడుస్తారు. ఆ ఎండలకు నేల గడ్డపారకు లొంగదు కాబట్టి గుంత తీయడానికి జేసీబీ పిలవాలి. శవం ముందు డప్పు పలకలు కొట్టేవాళ్ళు రావాలి. పూలు, కొత్తబట్టలు, దూరం నుంచి వచ్చినవాళ్ళకు ఇంత అన్నం. రెండు ఇళ్ళ డబ్బులూ అంతకుముందే బోరులో పోసి కూర్చున్నాం, అందులో దుమ్ము తప్ప ఏమీ పడలేదు. నా తోడికోడలికి మిగిలింది దొడ్లో గొర్రెలే. అన్నీ చూడి గొర్రెలు.

ఎవరు చెప్పారో ఏమో, గొర్రెల వ్యాపారి మోటారుసైకిలు మీద వచ్చాడు. శవానికి దండం పెట్టి నేరుగా దొడ్డి దగ్గరికి నడిచాడు. గొర్రెల నడుములు ఒత్తి చూసి వచ్చి, సంతలో పలికే దానికి సగం రేటు చెప్పాడు.

"దేవుడు చేసినదానికి ఏం చేస్తామమ్మా? మాపటికి దుడ్లు కావల్ల గదా. మందంతా తీసుకుంటా. రొక్కం ఈడే ఇస్తా."

నా తోడికోడలు తల ఎత్తకుండానే మా ఆయనతో అంది. "వాటిని అమ్మొద్దు బావా. అవి పోతే నా పిల్లోళ్ళకు ఏం పెట్టల్ల?"

మా ఆయనకు ఒక ఆలోచన తట్టింది. డబ్బాకు అతికించిన స్కానరును ఫోటో తీసి, బెంగుళూరు పనులకు పోయిన చుట్టాలంతా ఉండే వాట్సాప్ గ్రూపులో పెట్టి, తమ్ముడు పోయినాడు, మాపటికి మట్టి, చేతనైంది కొట్టండి అని గొంతు రికార్డు చేసి కూడా పంపాడు. వ్యాపారి "సరే చూసుకోండి, నేను టీ తాగొస్తా" అని లేచి, అంగడి ఎవరిదో గుర్తుకొచ్చి మళ్ళీ కూర్చున్నాడు.

కాసేపటికి కిటికీలో నుంచి డబ్బా "ఐదు వందల రూపాయలు వచ్చాయి" అంది. ఏడుస్తున్న ఆడవాళ్ళు ఒక్కసారి ఆగారు, విన్నారు, మళ్ళీ అందుకున్నారు. ఇక వరసగా పలకడం మొదలుపెట్టింది.

"ఎవురమ్మే ఆ యమ్మ?" అని అడిగింది మా ముసలి మేనత్త. "చావింట్లో అంత సంతోషంగా చెప్తాండాది!"

ఒకసారి వంద అంది. "వందేనా? ఎవురింటోళ్ళో గానీ, వాళ్ళ పెండ్లికి పొద్దంతా నిలబడి టీ కాసింటాడు మావాడు" అంది అత్త.

ఆ తర్వాత "పది రూపాయలు వచ్చాయి" అంది. అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"ఎవుడప్పా వాడు? సిగ్గుండొద్దా?"

కిటికీ పక్కన ఆటో నడిపే అతను ఫోను పట్టుకుని నిలబడి ఉన్నాడు. "నేనే అత్తా. నిన్నటి టీ బాకీ. బాకీ వేరే, సాయం వేరే. సాయం ఇప్పుడు కొడ్తాండా, ఇను." డబ్బా రెండు వందలు అంది. అత్త పైట నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు.

మధ్యాహ్నానికల్లా ఖర్చులకు సరిపోయేంత వచ్చేసింది. పలకలవాళ్ళు వచ్చారు. జేసీబీ అతను డీజిలుకు ముందు కొంచెం ఇమ్మన్నాడు. "ఉండప్పా, ఇస్తా" అని మా ఆయన తమ్ముడి ఫోను చేతికి తీసుకున్నాడు. తీసుకుని అట్లే నిలబడిపోయాడు. వచ్చిన డబ్బులన్నీ పోయినవాని ఖాతాలో ఉన్నాయి. ఫోనుకు తాళం. మళ్ళీ అందరినీ వేరే నంబరుకు కొట్టమంటే ఎవరు కొడతారు?

"ఆయన బొటనవేలు పెట్టి చూడండప్పా" అన్నారెవరో.

"ఎవురూ ఆ చెయ్యి ముట్టొద్దండి" అంది నా తోడికోడలు. "బతికున్నప్పుడే ఆ ఫోను ఆయప్ప వేలు తీసుకొనేది కాదు. కాలే గ్లాసులు పట్టి పట్టి గీతలన్నీ పోయినాయి. నంబరు కొట్టుకొనేటోడు."

"ఆ నంబరేందో?"

"యా పొద్దూ అడగల్యా బావా. ఏటీఎం కార్డు నంబరు గూడా అంతే."

వ్యాపారి లేచి తువ్వాలు దులిపాడు. "పొద్దు పోతాండాది. ఇందాకటి రేటు గూడా ఇప్పుడు కుదరదు" అన్నాడు. మా ఆయన దొడ్డి వైపు చూశాడు. నా తోడికోడలి చెయ్యి మొగుడి చేతి మీదే ఉంది.

అప్పుడు పలకలవాళ్ళలో పెద్దాయన వాకిట్లో నుంచి అడిగాడు. "అన్నా, దుడ్లు వచ్చినాయా, రాలేదా?"

"వచ్చినాయి. తీసేకి కావడం ల్యా."

"వచ్చినాయని మేమూ ఇంటిమి. వీధంతా ఇనె. మా దుడ్లు గూడా దాంట్లోనే ఉండనీ. నువ్వు తీసిన పొద్దే ఇద్దువు." అని పలకకు సెగ చూపించడానికి మంట దగ్గరికి పోయాడు.

ఆ మాటతో పూలామె కూడా సరేనంది. జేసీబీ అతను మాత్రం "మా ఓనరు ఒప్పుకోడన్నా, డీజిలుకైనా ఇయ్యల్ల" అన్నాడు. ఆటో అతను ఆ రోజు బాడుగల డబ్బులు తీసి అతని చేతిలో పెట్టాడు. "దీన్ని డబ్బా చెప్పదు, నువ్వే రాసుకో నాయనా, ఇది అప్పు. మళ్ళీ సాయమనుకునేవు" అన్నాడు మా ఆయనతో.

వ్యాపారి బండి ఎక్కుతూ, "కర్మంతరానికైనా అమ్మల్ల గదా, అప్పుడొస్తా" అని పోయాడు. పొద్దు గుంకకముందే మా మామ సమాధి పక్కన మా మరిదిని పూడ్చిపెట్టి వచ్చాం.

బ్యాంకు వాళ్ళు ఆ కాగితం, ఈ కాగితం అని తిప్పి డబ్బులు ఇచ్చేసరికి గొర్రెలు ఈనాయి. మొదట పలకలవాళ్ళకు, తర్వాత పూలామెకు, జేసీబీకి, ఆటోకు ఇచ్చేశాం. అంగడి ఇప్పుడు నా తోడికోడలే నడుపుతుంది. ఆ వ్యాపారి ఇప్పటికీ వస్తాడు. పొట్టేలు పిల్లలకు ఆమె చెప్పిందే రేటు. బేరం అయ్యాక టీ తాగి ఫోను తీస్తాడు, డబ్బా పలుకుతుంది. ఖాతా ఆమె పేరు మీదే ఉంది. ఆమె ఫోను తాళం నంబరు మాత్రం ఇంట్లో మా అందరికీ తెలుసు.