వకుళ మేడమ్ కోపం

తార్నాక చౌరస్తా దగ్గరి కిరాణా దుకాణంలో మొన్న నా పక్కనున్నావిడ కలరా ఉండల ప్యాకెట్ విప్పి వాసన చూసింది. బట్టల్లో వేసుకునే ఆ తెల్లటి ఉండల ఘాటు ముక్కుకు తగలగానే నాకు ఒళ్లు మండింది. పప్పు పొట్లం కౌంటర్ మీదే వదిలేసి బయటికొచ్చి, బస్టాపులో కూర్చుని ఊపిరి సర్దుకున్నాను. పాత వాసనలు తగిలితే కొందరికి కళ్లు చెమరుస్తాయట. నాకు మాత్రం కోపమొస్తుంది. పంతొమ్మిదేళ్లు ఆ వాసనలోనే పనిచేశాను. అన్నేళ్లూ నాకు పని నేర్పిన మనిషిని ఆ గదిలోంచి గెంటేశారు. ఆ గెంటడంలో నా చెయ్యి కూడా ఉంది.

ఆమె పేరు డాక్టర్ వకుళ. యూనివర్సిటీ వృక్షశాస్త్ర విభాగంలో ప్రొఫెసర్, అక్కడి హెర్బేరియానికి పెద్ద. హెర్బేరియమంటే, ఎండబెట్టిన మొక్కల్ని అట్టల మీద కుట్టి, పేరు రాసిన చీటీ అంటించి, ఇనుప బీరువాల్లో దాచే గది. పురుగు పట్టకుండా ప్రతి అరలోనూ కలరా ఉండలు వేస్తారు. మా నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. లాలాగూడ క్వార్టర్సులో పెరిగిన నేను ఇరవై రెండేళ్లకు ఆ గదిలో కాంట్రాక్టు మీద అసిస్టెంటుగా చేరాను. అప్పట్లో ఆమె ప్యాంటూ చొక్కాలో ఉండేది, అందరూ సార్ అనేవారు, వేరే పేరుండేది. ఆ పేరు నేనిక్కడ రాయను. అది తెలియకపోతే మీకొచ్చే నష్టమేమీ లేదు. నన్ను కూడా అప్పట్లో మగవాడనే అనుకునేవారు. నేనూ కిమ్మనకుండా అలాగే తిరిగేదాన్ని.

ఆమెది కడప వైపు. కోపం ముక్కు మీదే ఉండేది. నేను చేరిన మొదటి ఏడాది ఒక అట్ట బయటపడింది. ఎవరో ఎప్పుడో ఒక తంగేడు జాతి మొక్కకు తప్పు పేరు రాసి పెట్టారు. ఆమె సరైన పేరు చెప్పి చీటీ అంటించమంది. పని శుభ్రంగా ఉండాలని నేను పాత చీటీని బ్లేడుతో గీకేసి, సరిగ్గా అదే చోట కొత్తది అంటించాను. మెచ్చుకుంటుందనుకున్నాను. అట్ట నా మొహాన కొట్టినంత పని చేసింది.

“వాడు తప్పే రాసినాడు, సరే. వాని చీటీ గీకేదానికి నువ్వెవరు అబ్బీ? దాన్ని అట్లే ఉండనీ. పక్కన మనది అంటించు. సంతకం పెట్టు, తేదీ వెయ్యి. రేపు మనదే తప్పయితే ఇంకొకడొచ్చి దాని పక్కన అంటిస్తాడు.”

అది ఆమె సొంత పద్ధతి కాదని, ఏ హెర్బేరియంలోనైనా అంతేనని నాకు తర్వాత తెలిసింది. కొన్ని అట్టల మీద అయిదారు చీటీలుండేవి, ఒక్కొక్కటి ఒక్కో చేతిరాతలో. ఆ రోజు మాత్రం చెత్తబుట్టలోంచి నేను గీకిన ముక్కలన్నీ ఏరించి, మళ్లీ అతికించేదాకా నన్ను ఇంటికి పోనివ్వలేదు.

ఆరేళ్ల కిందట, వేసవి సెలవులయ్యాక మొదటి రోజు ఆమె నేత చీర కట్టుకుని వచ్చింది. నెరిసిన పొట్టి జుట్టు, భుజాన ఎప్పటి క్యాన్వాసు సంచి. తార్నాకలో ఒక్కతే ఉండే అద్దె పోర్షన్ నుంచి రోజూలాగే నడిచి వచ్చింది. అంతకు ముందు ఏడాది వాళ్లమ్మ పోయింది. ఆవిడ బతికున్నంతకాలం ఆగిందని తర్వాత చెప్పింది. అందరికంటే ముందు నా బల్ల దగ్గరికే వచ్చి నిలబడింది.

“నా పేరు వకుళ. ఇది చెప్పేదానికి నాకు యాభై ఆరేండ్లు పట్టింది. అలవాటు చేసుకునేదానికి నీకు వారమిస్తా.”

నేను “సరే సార్” అన్నాను.

సంతోషించాల్సింది. ఆమె చెప్పిన మాటే చిన్నప్పటి నుంచీ నా గొంతులో అడ్డం పడి ఉంది. కానీ నాకు సంతోషం రాలేదు. ఆమెను చూసే కళ్లు పక్కనున్న నన్ను కూడా చూసి కనిపెట్టేస్తాయని భయపడ్డాను. రోజూ మధ్యాహ్నం ఇద్దరం కలిసి క్యాంటీనుకు టీకి వెళ్లేవాళ్లం. ఆ రోజు నుంచి కడుపులో బాగాలేదని చెప్పి మానేశాను.

విభాగంలో ఎవరూ అరవలేదు. ఎవరైనా అరిచి ఉంటే ఎదురు అరవడానికైనా ఉండేది. ఆడవాళ్ల బాత్రూము తాళంచెవి ఆమె అడిగినప్పుడల్లా కనపడకుండా పోయేది. రికార్డుల్లో పేరు మార్చమని అర్జీ పెడితే ఇంకో కాగితం కావాలనేవారు. ఆ కాగితం తెస్తే దాని మీద ఇంకో ముద్ర కావాలనేవారు. విద్యార్థుల్ని అడవికి తీసుకెళ్లి మొక్కలు చూపించే పని ఆమెకు ప్రాణం. పిల్లల తల్లిదండ్రులు ఏమంటారోనని ఆ పని తీసేశారు. అప్పటి మా హెడ్ చాలా మెత్తని మనిషి. ఆ మెత్తదనం గుర్తొస్తే ఈరోజుకీ పళ్లు నూరుతాను. ఆయనే ఒక లెటర్ తయారు చేయించారు. హెర్బేరియం సిబ్బంది ఇబ్బంది పడుతున్నారు కాబట్టి ప్రొఫెసర్‌గారిని వెనక బ్లాకులోని స్టోరుకు మార్చాలని అందులో ఉంది. ఆమెకు రిటైర్మెంటు ఇంకా నాలుగేళ్లుంది. ముప్పై ఏళ్లుగా తను నింపిన ఆ బీరువాల మధ్యనుంచి, తన సొంత పేరుతో రిటైరవ్వాలని ఆమె కోరిక. ఆ సంగతి విభాగంలో అందరికీ తెలుసు.

హెడ్ నన్ను గదిలోకి పిలిచి తలుపు దగ్గరికి వేశారు.

“నీది కాంట్రాక్టు గద. జూన్‌ల రెన్యువల్ ఉన్నది. గీడ ఒక్క సంతకం పెట్టు, పరేషాన్ గాకు.”

పెట్టాను. ఆ కాగితం మీద మూడో సంతకం నాది.

నాలుగు రోజులకు ఆమె ఫోన్ చేసి ఆదివారం ఇంటికి రమ్మంది. చర్చికని మా అమ్మకు అబద్ధం చెప్పి తార్నాక వెళ్లాను. బొరుగులు నానబెట్టి పోపు వేసి చేసే ఉగ్గాని, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు పెట్టి ప్లేటు నా ముందుకు తోసింది. బల్ల మీద ఆ లెటర్ జిరాక్సు ఉంది. నా సంతకం మీద వేలు పెట్టి, “తేదీ వెయ్యలేదు నువ్వు” అంది.

నాకే తెలియకుండా అంతా బయటికొచ్చేసింది. ఉద్యోగం పోతుందన్న భయం, టీకి రాకపోవడానికి అసలు కారణం, నలభై ఏళ్లుగా ఎవరికీ చెప్పని సంగతి. ఆమె లేచొచ్చి నా తల నిమురుతుందనుకున్నాను. కూర్చున్నచోటు నుంచి కదల్లేదు.

“ఎన్నాళ్ల నుంచి తెలుసు నీకు?”

“చిన్నప్పటి సంది, మేడమ్.” ఆమెను మేడమ్ అనడం అదే మొదటిసారి.

“అట్లయితే నీ మీద నాకు ఇంకా ఎక్కువ కోపం అమ్మీ. మిగతావాళ్లు తెలీక పెట్టినారు. నువ్వు తెలిసి పెట్టినావు.”

నన్ను ఆడపిల్లను పిలిచినట్టు పిలిచిన మొదటి మనిషి ఆమే. అదీ తిడుతూ పిలిచింది. నేను ఏడుస్తుంటే, ఉగ్గాని చల్లారిపోతే బాగుండదని దానికీ కసిరింది.

రేపే వెళ్లి ఆ సంతకం కొట్టేయిస్తానన్నాను. వద్దంది. పెట్టింది పెట్టినట్టే ఉండాలని, దాని పక్కన ఇంకో కాగితం రాసివ్వమని చెప్పింది. బీరువాల గదిలో నేర్పిందే మళ్లీ నేర్పుతోందని అర్థమైంది. మర్నాడు రాసిచ్చాను. భయపడి సంతకం చేశానని, వకుళగారితో పనిచేయడానికి నాకు ఏ ఇబ్బందీ లేదని, ఎప్పుడూ లేదని రాసి, కింద సంతకం పెట్టి తేదీ వేశాను. జూన్‌లో నా కాంట్రాక్టు రెన్యువల్ కాలేదు. ఆమెనూ స్టోరుకు మార్చారు. పగిలిన గాజుసామాను, విరిగిన కుర్చీల మధ్య నాలుగేళ్లు కూర్చుని, ఒక శాలువా కూడా కప్పించుకోకుండా రిటైరైంది. నా కాగితం వల్ల ఏదో మారిందని రాస్తే చదివే మీకు హాయిగా ఉండేది. ఏమీ మారలేదు.

మెట్టుగూడలో ఒక జిరాక్సు షాపులో పని దొరికింది. ఆదివారాలు తార్నాక వెళ్లేదాన్ని. తను చూపించుకున్న డాక్టరు దగ్గరికే ఆమె నన్నూ తీసుకెళ్లి, లోపలికి రాకుండా బయట బెంచీ మీద కూర్చునేది. నలభై మూడేళ్లకు రూతు అని పేరు పెట్టుకున్నాను. మా అమ్మ ఇప్పటికీ నాతో మాట్లాడదు. మొదటిసారి చీర కట్టుకుని మేడమ్ ముందు నిలబడితే పైనుంచి కిందిదాకా చూసి, కుచ్చిళ్లు వంకరగా ఉన్నాయని మళ్లీ కట్టించింది. ఒక్క మెచ్చుకోలు మాట లేదు. అయినా ఆ రోజు బస్సులో కిటికీ పక్కన కూర్చుని మెట్టుగూడ దాకా నవ్వుకుంటూనే వచ్చాను.

పోయిన ఏడాది ఆమె గుండెపోటుతో పోయింది. విభాగంలో సంతాప సభ అని తెలిసి వెళ్లాను. ఉద్యోగం పోయాక ఆ మెట్లెక్కడం అదే మొదటిసారి. ఫ్లెక్సీ మీద ముప్పై ఏళ్ల నాటి ఫొటో, మీసంతో. కింద పాత పేరు. దానికో దండ. ఆ హెడ్ కూడా అప్పటికి రిటైరయ్యారు. మైకు పట్టుకుని, మేడమ్‌నే ‘ఆయన’ అంటూ, శాంతమూర్తి అని, ఎన్ని కష్టాలొచ్చినా ఎవరినీ పల్లెత్తు మాట అనలేదని, అదే మెత్తని గొంతుతో చెబుతున్నారు. అందరూ తలలూపుతున్నారు. నాకు ఇక కూర్చోవడం చేతకాలేదు.

లేచి నిలబడితే ఆయన మర్యాదగా “మీరెవరమ్మా?” అని అడిగారు.

“రూతు, సార్. మీరు రాయించిన లెటర్ మీద మూడో సంతకం నాది.”

ఆయన నా మొహంలోకి చూసి గుర్తుపట్టారు. మైకు కిందికి దిగింది.

“మేడమ్ పేరు వకుళ. ఆమె శాంతమూర్తి గాదు. పోయే నాటిదాంక మీ మీద కోపంగనే ఉన్నది. నా మీద గూడ ఉండె. నా మీద తగ్గింది, మీ మీద తగ్గలే. పేరు గుంజుకున్నరు, గది గుంజుకున్నరు. కనీసం గా కోపమన్న ఆమెకు ఉండనియ్యిండ్రి.”

ఎవరో టీ తెమ్మని పురమాయించారు. నేను బయటికొచ్చి తార్నాక దాకా నడిచాను.

ఆమె నేర్పిన మొక్కల పేర్లు సగం మరిచిపోయాను. కోపం మాత్రం మరవలేదు. ఆమె పరిచయం కాకముందు నా కోపమంతా నా మీదే ఉండేది. నా గొంతు మీద, నా గడ్డం మీద, పొద్దున్నే అద్దంలో కనిపించే మొహం మీద. అది ఎవరికి చెందుతుందో వాళ్లకు ఇవ్వడం ఆమె దగ్గరే నేర్చుకున్నాను. నాకిప్పుడు నలభై ఏడేళ్లు. అద్దం ముందు తల దువ్వుకునేటప్పుడు నా మీద నాకు ఏ కోపమూ ఉండదు. వాళ్ల మీద ఉన్నది అలాగే ఉంది. తగ్గించుకునే ఉద్దేశం నాకు లేదు.