తెర మీద ఎరుపు

మా హజరత్తయ్య మామ పట్టిన చేపల సంగతి విడవలూరు తీరంలో ఎవరూ నమ్మరు. నేను చెబితే అసలే నమ్మరు. పడవకంటే పొడుగైన వంజరాన్ని పట్టినాడు, సాక్షిని నేనే! పడవలో చేపల జాడ చూపే మిషను తెర ఉంది. దానిమీద ఎంత ఎరుపు కనబడితే అంత పెద్ద గుంపు. ఎరుపు చూస్తే మామకు పండగే.

అలాంటి మనిషి గొంతులో కేన్సర్ గడ్డ లేచింది. నెల్లూరులో కరెంటు, అదే రేడియేషన్, పెట్టించినాం. సగం అయ్యాక, గడ్డ లొంగుతోందా లేదా అని మళ్లీ స్కాన్ తీసినారు. డాక్టరమ్మ కంప్యూటర్ తెర మావైపు తిప్పింది. గొంతు దగ్గర నిప్పుకణికంత ఎరుపు.

"ఒరే అల్లుడూ, ఎంత ఎరుపో చూడరా! మంచి గుర్తే," అని మామ బొంగురుగా నవ్వినాడు.

డాక్టరమ్మ నవ్వలేదు. "ఎరుపంటే గడ్డ బతికున్నట్టు పెద్దాయనా. ఈపాటికి వెలిసిపోవాల్సింది. కరెంటుకి లొంగడంలేదు. వేరే దారి చూడాలి."

మామ నావైపు తిరిగినాడు. "ఏందిరా ఈమె చెప్పేది? నువ్వు చెప్పు. నీ కోతలన్నీ నమ్మినా గదా."

పదో తరగతి తప్పినా ఊరినంతా నోటితో ఏలినోణ్ణి. ఒక్క కోత అందలేదు.

మామ లేచి, తెర మీది ఎరుపును అరచేత్తో మూసినాడు.