నాగుల్ మీరా చేసిన గాయాలు

నాగుల్ మీరాకు మనుషుల్లో కనిపించేది గాయం పెట్టడానికి అనువైన చోటు ఒక్కటే. ఎవరైనా ఎదురుపడితే క్షేమం అడగడానికి ముందే, "మీ మోకాలు బలే ఉండాదన్నా, ఎముక విరిగితే చక్కంగా అమరతాది" అనేవాడు. పెళ్లికొడుకు నుదురు మెచ్చుకున్నాడంటే అది బాసికం కోసం కాదు, చీలిక కోసం.

ఆయన నాటకాల కంపెనీలో మొహాలకు రంగులు వేసేవాడు. చైనా యుద్ధం అయిన మరుసటి ఏడు, బాంబులు పడితే దెబ్బలు తిన్నవాళ్లను ఎలా కాపాడాలో నేర్పడానికి జువ్వలదిన్నెలో ప్రథమ చికిత్స తరగతులు పెట్టారు. కట్లు కట్టడం నేర్చుకునేందుకు మనుషుల మీద దొంగ గాయాలు చేసే పని మీరాకు అప్పగించారు. ఇక ఆయనకు పట్టపగ్గాల్లేవు. మైదాపిండితో చర్మం, బెల్లం పాకంలో కుంకుమ కలిపి నెత్తురు, కోడి ఎముకతో విరిగిన కాలు. ఆయన గాయపరిచినవాళ్ల వెంట ఈగలు కూడా నమ్మి వచ్చేవి.

ఆ తరగతులకు వచ్చేవాళ్లలో కామమ్మ ఒకతె. చివరి రోజు నెల్లూరు నుంచి పెద్ద డాక్టరు వచ్చి చూస్తాడు, బాగా చేసినవాళ్లను ఆసుపత్రిలో ఆయాలుగా తీసుకుంటాడు. ఆ పని దొరికితే ఎండుచేపల గంప ఆమె నెత్తి మీద నుంచి దిగుతుంది. చిక్కల్లా ఒకటే, నెత్తురు చూస్తే ఆమెకు కళ్లు తిరుగుతాయి. మొదటి రోజే ఆ కోడి ఎముక కాలు చూసి, కళ్లు బైర్లు కమ్మి గోడ పట్టుకుంది. ఎవరూ గమనించలేదనుకుంది. మీరా గమనించాడు.

మర్నాడు పొద్దున్నే చిటికెన వేలు చాచి ఆమె గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇది ఎట్టుండాది కామమ్మా?"

వేలి మీద గోరంత ఎర్రటి గీత.

"నాకెందుకన్నా చూపించేది?"

"దోవలో నీ ఇల్లే ముందొచ్చింది."

ఆయన ఇల్లు ఊరికి అటు చివర.

ఆ తర్వాత దోక్కుపోయిన మోచెయ్యితో వచ్చాడు. కాలిన అరచెయ్యితో వచ్చాడు. పగిలిన కనుబొమ్మతో సరిగ్గా ఆమె అన్నం ముందు కూర్చున్నప్పుడే వచ్చాడు. కామమ్మకు ముద్ద దిగకుండా పోయింది. వీధి అటూ ఇటూ చూసుకునిగానీ తలుపు తీసేది కాదు. ఒకరోజు తడిక చాటున నక్కితే, బయటనుంచి ఆయన గొంతు వినిపించింది. "తడిక సందులోంచి చూసినా చాల్లేమ్మా."

ఆమె పోయి మీరా భార్య జమాల్‌బీతో మొరపెట్టుకుంది. "మీ ఆయన నన్ను చంపేదాకా నిద్రపోడక్కా."

"ఎంతసేపు చూడగలిగితే అంతసేపే చూడమ్మా" అని జమాల్‌బీ నవ్వేసింది.

పరీక్ష రోజు రానే వచ్చింది. ఇసుక మీద మనుషులు పడి మూలుగుతున్నారు. చేతిలో గుడ్డచుట్ట చెమటకు తడిసిపోతుండగా, కామమ్మ మొదటి మనిషి దగ్గరికి పోయింది. కడుపు చీలి ఉంది. ఆమెకు కళ్లు తిరగలేదు. ఈగలు తోలి కట్టు కట్టింది.

ఇంతలో దెబ్బలు తిన్నవాళ్లను మంచం మీద మోస్తున్న కుర్రాడు మాల్యాద్రి, ఇసుకలో పడున్న పడవ చెక్కలోని మేకు తొక్కాడు. పాదం చీలి ఇసుక ఎర్రబడింది. అందరూ ఆహా అని చూస్తున్నారు.

"ఇది మీరాన్న చేసింది కాదక్కా, నాదే" అన్నాడు మాల్యాద్రి ఏడుపు గొంతుతో.

కామమ్మ గుండె ఒక్కసారి ఆగినంత పనైంది. కానీ చేతులు ఆగలేదు. గాయం అదిమిపట్టి కట్టు బిగిస్తుంటే, వెనక దబ్బుమని చప్పుడైంది. చూస్తే నాగుల్ మీరా వెల్లకిలా పడి ఉన్నాడు.

మాల్యాద్రి కట్టు ముగించి, పరుగున పోయి మీరా మొహాన నీళ్లు చల్లింది. ఆయన ఒక కన్ను తెరిచాడు.

"రోజూ నెత్తురు కలిపే మనిషివి, నీకేందన్నా ఇది?"

"అది పాకం గదమ్మా" అన్నాడు నీరసంగా. "మొదట్లో దాన్నీ చూడలేకపోయినా. గోరంత గీత కాడ మొదలుపెట్టి మెల్లంగా అలవాటు చేసుకున్నా. నీగ్గూడా అట్టనే భయం పోతాదని రోజూ తెచ్చినా. నిజం నెత్తురు నాకింకా అలవాటు కాలేదు. నీకయింది."

ఇంతలో డాక్టరు వచ్చాడు. "నువ్వు సోమవారం ఆసుపత్రికి రామ్మా. ఈయనకేమైంది?"

"ఏం కాలేదయ్యా. బాంబు మోతకి సొమ్మసిల్లిన మనిషి వేషం, మీరాన్నది."

మీరా చటుక్కున కన్ను మూసేశాడు. డాక్టరు నాడి పట్టుకుని చూసి, మిగతావాళ్లను దగ్గరికి పిలిచాడు.

"ఇలా రండి. వేషమంటే ఇదీ. చెమట కూడా తెప్పించుకున్నాడు."