అక్క చేసిన ప్రార్థన

రుమైథియాలో నాతోపాటు ఒకే అరబ్బుల ఇంట్లో పనిచేసిన అక్క, కొత్త వస్తువు ఏది వచ్చినా దాని మీద చేయి వేసి ప్రార్థించేది. మన చర్చి సంఘాల్లో కొత్త బండికి చేయించినట్టు ఆమె మిక్సీకి కూడా చేసేది. ఇంటి యజమానిని మేం బాబా అని, ఆయన భార్యను మామా అని పిలిచేవాళ్లం. అక్క ప్రార్థనలు బాబాకు నవ్వులాట.

వ్యాపారంలో భాగస్వామితో గొడవపడి, వాణ్ణి వదలనన్న రోజుల్లో బాబా రెండు చిన్న పిస్తోళ్లు తెప్పించాడు. దిష్‌దాషా అనే పొడవాటి చొక్కా జేబులో ఒక్కొక్కటే పెట్టుకుని అద్దంలో చూసుకున్నాడు. ఉబ్బెత్తుగా కనబడనిదాన్ని ఎంచుకుని, తూటాల డబ్బా పక్కన పెట్టాడు. మామా ఏడుస్తోంది.

"దీనికీ ప్రార్థన చెయ్యి, గురి తప్పకూడదు" అన్నాడు అక్కతో, నవ్వుతూ.

"వద్దక్కా! ఈ నెల్లోనే నీ ఇఖామా రెన్యువల్, అది లేకపోతే ఇక్కడ ఉండనియ్యరు. కోపమొస్తే ఖలాస్, ఇంటికి పంపేత్తాడు" అని గొణిగాను.

"ఆయనే అడిగాడుగా, ఉండవే."

పిస్తోలు మీద చేయి వేసి, వచ్చీరాని అరబీలో గట్టిగా ప్రార్థించింది. "దేవా, ఇది ఎప్పుడూ పేలకూడదు. బాబా చేతికి ఎవరి రక్తమూ అంటనియ్యకు."

బాబా నవ్వు ఆగిపోయింది.

"ఆమీన్" అంది మామా.

బాబా తూటాల డబ్బా తీసి మామా చేతిలో పెట్టాడు. "ఆమీన్" అన్నాడు.

ఆ గదిలో ఉన్నది మేం నలుగురం. ఐదోవాడిగా ప్రభువు నిలబడ్డాడని ఈనాటికీ నమ్ముతాను.