సున్నం గుర్తు

శనివారం మధ్యాహ్నం కాగానే షమీమ్ టీచర్ చీర కొంగు బిగించి, సున్నం డబ్బా పట్టుకుని, పుల్లలచెరువు అవతలి అడవిలోకి పిల్లల్ని నడిపించుకుపోయేది. ఒక్కొక్కరికి ఒక్కో లేతచెట్టు చూపించి, దాని మొదలు మీద బొటనవేలితో సున్నం గుర్తు పెట్టి, "ఇది నీది. ఎప్పుడు చిగురేస్తుందో, ఏ పిట్ట వాలుతుందో నువ్వే నాకు చెప్పాల" అనేది. ఎంత కడిగినా ఆ గోటి సందులో తెలుపు వదిలేది కాదు.

వేసవి సెలవులయ్యాక వెళితే, గుర్తు పెట్టిన చెట్ల చోట మొద్దులే మిగిలాయి. పక్కవాటి మీద గొడ్డలి గాటైనా లేదు. కట్టెలమోపుతో ఎదురొచ్చిన తిరుపాలమ్మను "ఎవరు కొట్టినారక్కా?" అని అడిగింది.

"మేమే టీచరమ్మా. ఫారెస్టోళ్ళు కొట్టాల్సిన చెట్లకే గదా గుర్తు పెట్టేది! మా నాయన కాలం నుంచీ అంతే. గుర్తు లేనిది ఒక్కటి ముట్టుకుంటే ఒట్టు" అంది తిరుపాలమ్మ, మెప్పు కోసం చూస్తూ.

పిల్లలు మొద్దుల చుట్టూ కాసేపు తిరిగారు. అంతలో మూడో తరగతి సరళ దూరంగా ఇంకో చెట్టును వాటేసుకుని కేకేసింది.

"టీచర్, ఈసారి ఇది నాది! వచ్చి గుర్తు పెట్టు!"

షమీమ్ బొటనవేలిని పిడికిట్లో దాచుకుంది.