ప్రైడ్‌కు అత్త కుట్టిన బట్టలు

పావగడ దగ్గర మా ఊరు వల్లూరు నుంచి పొద్దున్నే ఫోను వచ్చింది. మా అత్త, అంటే మా నాయన చెల్లెలు, నిద్రలోనే పోయిందట. చెప్పింది ఆమె కొడుకు. ఏడుస్తూనే చివర్లో, "ప్యాంటు షర్టు ఏసుకోని రాప్పా. జనమంతా ఉంటారు" అన్నాడు.

మీరెవరూ ఆమెను చూసి ఉండరు. నేను బెంగళూరులో చీర కట్టుకుని బతుకుతున్న మనిషిని. వల్లూరులో మగపిల్లాడిగా పెరిగాను. ఈ సంగతి ఊరందరికీ తెలుసు, ఎవరూ ఎత్తరు. ఎత్తింది అత్త ఒక్కతే, అదీ తలుపేసుకుని. తలుపు వేసి ఉంటే నేను "పాప"ను, తీస్తే "ఏమప్పా". ఆమెకు నా గురించి భయం. నాకు అన్నింటికీ భయం.

వేరుశనగ పండే చేను సోలార్ పలకల కిందికి పోయాక అత్త కుట్టుమిషను పట్టుకుంది. పలకలు తుడిచే ఆడవాళ్లకు చీర మీద తొడుక్కునే చొక్కాలు కుట్టేది. ప్రైడ్ అంటే ఏమిటని ఒకసారి అడిగింది. మాలాంటి వాళ్లం ఏడాదికొకసారి దాక్కోకుండా వీధిలో నడుస్తామని, పండగ చేసుకుంటామని చెప్పాను. పోలీసులుంటారా అంది. ఉంటారన్నాను.

"మిమ్మల్ని కాపాడేకా, కొట్టేకా?"

నాకూ సరిగ్గా తెలియదన్నాను. ఆమె లేచి కొలతల టేపు తీసింది.

అప్పటినుంచి నా ప్రైడ్ బట్టలన్నీ ఆమె చేతివే. బెంగళూరు నడకకు రంగురంగుల కుచ్చుల లంగా కావాలన్నాను. కుట్టింది గానీ, చీలమండల పైకి ఎత్తి కుట్టింది. వేసుకుని పెరట్లో ఉరకమంది. ఉరికాను. "ఇంగా జోరుగా" అంది. టీవీ వాళ్లొస్తే మొహం మీదికి లాక్కోవడానికి పెద్ద వోణీ కూడా ఇచ్చింది. తుమకూరులో మావాళ్లు హాలు తీసుకుని అధికారులను పిలిచి సభ పెట్టినప్పుడు మెరిసేదేదీ వద్దంది. గంజి పెట్టిన నూలు చీర, మోచేతి దాకా రవిక. "టీచరమ్మ మాదిరి ఉంటే ఎవురూ ఏమనరు పాపా." తలుపులు మూసుకుని ఆడే డాన్సుకు మాత్రం ఆమె చెయ్యి ఆగలేదు, రవికంతా చమ్కీలే. కుట్టాక తానే హడలిపోయి, పైన తొడుక్కోమని పలకలు తుడిచే చొక్కా ఒకటి చేతిలో పెట్టింది. హుక్కులన్నీ ముందుకే పెట్టేది. దారిలో మార్చుకోవాల్సి వస్తే ఇంకొకరి సాయం అక్కర్లేకుండా. ఇంత భయపడిన మనిషి, వెళ్లొద్దని మాత్రం ఒక్కసారి కూడా అనలేదు. ఆ రుణం నేను తీర్చుకోలేను.

ఆమె చావుకు ఏం కట్టుకోవాలో చెప్పడానికి ఆమె లేదు. ప్యాంటు తొడుక్కుని, విప్పేశాను. ఆఖరిసారి ఆమెను ఆమె పాపగానే చూడాలనిపించింది. నూలు చీర కట్టుకుని బస్సెక్కాను. పావగడ దాకా కొంగు తల మీద నుంచి తీయలేదు. పలకల కంచె దగ్గర సెక్యూరిటీ వాళ్లు నాతో బడికి వచ్చినవాళ్లే. లేచి నిలబడి చూశారు. ఇంటి ముందు మాటలు ఆగిపోయాయి. అత్త కొడుకు తల తిప్పుకున్నాడు. ఆమె మొహం చూడనివ్వకుండా పంపించేస్తారేమో అనుకున్నాను.

నేను వెళ్లేసరికి నీళ్లు పోసే వేళయింది. మా దగ్గర ఆడమనిషి పోతే ఆడవాళ్లే నీళ్లు పోసి చీర కడతారు. చుట్టూ చీరలు అడ్డం పట్టుకుంటారు. మగవాళ్లు ఉండకూడదు. పక్కింటి ముసలమ్మ, "మొగోళ్లంతా అవతలికి పోండి" అంది. నా కాళ్లు వాటంతటవే మగవాళ్ల వెనక కదిలాయి.

"నువ్వు యాడికే పోయేది? ఈ కొన పట్టుకో" అందామె.

పట్టుకున్నాను. చీరకు అవతల మగవాళ్ల గొంతులు, ఇవతల చెంబుతో నీళ్లు పోస్తున్న చప్పుడు. నా వైపు చీర కిందికి జారింది.

"ఇంగా పైకెత్తు, కనపడ్తాది" అంది ముసలమ్మ.

నీళ్లు పారుతున్న నేల మీద నిలబడి, అత్తను ఎవరూ చూడకుండా, తలకంటే పైకి ఎత్తి పట్టుకున్నాను.