గుండ్ల సందులో అండాలు

మా పక్కింటి అండాలు నడుము వంగేది కాదు. అది పుట్టుకతో వచ్చిన లోపం కాదు. చిన్ననాటి నుంచి తాగిన బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ ఆమె ఎముకలను బిగించేసింది. తెలంగాణ వచ్చాక మా కేతేపల్లిలో ఇంటింటికీ కృష్ణా నీళ్ల నల్లా పెట్టారు. ఇంకేం లాభం, అప్పటికే కాళ్లు వంకర్లు పోయాయి. మెడ తిప్పాలంటే మనిషంతా తిరగాలి.

ఆమెకు ఒకటే కోరిక. మా దగ్గర్లోని గుట్ట, గట్టు అంటాం, దాని మీది శివుడి ముందు నిలబడాలి. మెట్లన్నీ ఎక్కాక పైన రెండు పెద్ద రాతిగుండ్ల మధ్య ఇరుకు సందు ఉంటుంది. పక్కకు తిరిగి, నడుము వంచి దూరితేనే అవతల లింగం కనిపిస్తుంది. పాపం చేసినవాళ్లు ఆ సందులో ఇరుక్కుంటారని మావాళ్ల నమ్మకం. ఆ మాట వింటేనే నాకు ఒళ్లు మండేది.

"నువ్వెట్ల పోతవక్కా? గా సందుల పిల్లి గూడ ఆలోచించి దూరుతది" అన్నాను.

"నేనేడ పోత పిచ్చిదానా, ఆయనే గుంజుకుంటడు. నాతోని ఏమైతది?" అని నవ్వింది.

కిందటి శివరాత్రి అయ్యి జనం పలచబడ్డాక, అండాలు తమ్ముడు ఎల్లస్వామి ఆమెను వీపున మోసుకుంటూ మెట్లెక్కాడు. వాళ్ల వెనకే నేను. సందు ముందు దింపితే, సగం దాకా తనే పక్కకు బాగానే జరిగింది. అక్కడ వంగాలి. వంగలేకపోయింది. ఇక ముందుకూ పోదు, వెనక్కూ రాదు.

"ఏం పాపం జేసిందో" అంది నా వెనకనున్న ఒకావిడ.

"నీళ్లు తాగింది. గదే ఆమె జేసిన పాపం. నోర్మూసుకో" అన్నాను.

లోపల్నుంచి అండాలు గొంతు వినబడింది. "స్వామీ, జర చెయ్యియ్యి. ఇంక రెండడుగులే." శివుణ్ని, మేనమామను అడిగినంత చనువుగా బతిమాలుతోంది. ఆ దేవుడంటే అంత కోపమున్న నేను కూడా, ఇయ్యి తండ్రీ ఇయ్యి అని మొక్కాను. ఎవరూ చెయ్యివ్వలేదు. ఎల్లస్వామి ఏడ్చుకుంటూ నడుము పట్టి వెనక్కి లాగాడు. తుంటి ఎముక విరిగింది.

"బొక్కలు పెళుసైనయి, అతకయి" అన్నారు దవాఖానలో. ఇంటికి తెచ్చి మంచంలో పడుకోబెట్టాం. ఒకరోజు నేను కూర్చుని దేవుణ్ని తిడుతుంటే చెయ్యి ఎత్తి ఆపింది.

"తిట్టకు. ఆడిదాకన్న తీస్కపోయింది ఆయనే గద. నువ్వొకపారి పోయి, నేనొచ్చిన అని చెప్పు."

వానాకాలం దాటకుండానే పోయింది. దినాలయ్యాక ఒక్కదాన్నే గట్టెక్కాను. సందులోంచి ఇట్టే దూరిపోయాను. అంత సులువుగా దూరినందుకు సిగ్గేసింది. లింగం ముందు నిలబడితే చేతులు జోడించాలనిపించలేదు.

"ఆమెను నువ్వే రానియ్యలే" అన్నాను గట్టిగానే. పూజారి ఉలిక్కిపడి చూశాడు. దాంతో ఏడుపు తన్నుకొచ్చింది. కొంగు నోట్లో కుక్కుకుని చాలాసేపు ఏడ్చాను. ఆ తర్వాత చెప్పాను.

"అండాలు వచ్చింది స్వామీ. సందులనే ఆగింది. ఇగ నువ్వే లేచి ఆమె దగ్గరికి పోవాలె."